‘అవసరమా?’ అని అడిగిన పాపానికి

ఈ పత్రికలో ఇలాంటి జ్ఞాపకాల పేజీ మొదలై చాలా కాలమైంది. మా జిల్లాలో ఎవరెవరిని అడిగి రాయించారో నేను బాగా గుర్తు పెట్టుకున్నాను. నాటకంలో గడ్డం ఊడిపోయిన ఆయన రాశాడు. తప్పు పెళ్ళిలో భోంచేసి వచ్చిన ఆయన రాశాడు. హరికథ చెబుతూ మధ్యలో నిద్రపోయిన ఆయన చేత అయితే రెండుసార్లు రాయించారు. రెండోసారి రాస్తూ కూడా ఆయన మధ్యలో నిద్రపోయినట్టే ఉంది, అది వేరే సంగతి. నన్ను మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. తన పాట తానే రాసుకుని, తానే బాణీ కట్టి, తానే పాడి, ఆ పాటకు తానే సినిమా కూడా తీసుకున్నవాడు ఆ రోజుల్లో తిరుపతికీ చిత్తూరుకీ మధ్య నేనొక్కడినే. వెనక కంపెనీ లేదు, ముందర నిర్మాత లేడు. అలాంటివాడిని అడగరట!

సరే, అడక్కపోయినా రాస్తున్నాను. ఊడిన గడ్డాన్ని మళ్ళీ అతికించుకోవచ్చు. నాకు జరిగింది అతికేది కాదు. నిండు సభలో, మా నాయన ముందర, నా సినిమాలో నటించిన అమ్మాయి ముందర, కళ్ళు మూసుకుని, రాగం తీస్తూ, నా కొంప నేనే కూల్చుకున్నాను. వినండి.

ఎనభైల మొదట్లో మాట. నాకు ఇరవై మూడేళ్ళు. చిత్తూరులో చర్చి పాటల బృందంలోని ఒకాయన వదిలేసిన పాత గిటారు నా దగ్గర ఉండేది. ఆరు తీగల్లో అయిదే మిగిలాయి. ఆరోది ఉన్నట్టే వాయించేవాణ్ణి. మా నాయన తిరుపతిలో రెండు ఆవులు పెట్టుకుని హోటళ్ళకు పాలు పోసేవాడు. ఆయనకు గిటారు అనే మాట నోరు తిరగక కాదు, తిప్పడం ఇష్టం లేక, దాన్ని సొరకాయ అనేవాడు.

“రేయ్, నాకొకటి చెప్పు. ఆ సొరకాయ గీకితే ఎవురికి లాభం?”

“అది కళ, నాయనా.”

“కళ సరే. నేను పాలు పిండితే పిల్లోళ్ళు తాగతారు. నువ్వు పాడితే ఎవురు తాగతారు?”

  ఆ ప్రశ్నను నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

చిత్తూరులో మా మేనమామకు బెల్లం మండీ ఉండేది. కాటా దగ్గర కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావాలని ఆయన రెండుసార్లు కబురు పంపాడు. నమ్మకమైన మనిషి అంటే పని లేని మేనల్లుడు అని అర్థం. నేను ససేమిరా అన్నాను. ఒక సినిమా తీస్తున్నాననీ, అది తెర మీద పడేవరకు ఆగమనీ నాయనతో అన్నాను. ఆయన ఆవు ముందర కుడితి తొట్టి పెడుతూ, నా వైపు చూడకుండానే తీర్పు చెప్పాడు.

“ఆ బొమ్మ ఏసే దినం నేనూ వస్తా. సూసినోళ్ళల్లో ఒక్కడంటే ఒక్కడు ‘ఇది మాకు పనికొచ్చినాది’ అన్నాడంటే నీ దావన నువ్వు పో, నేను నోరెత్తను. ఎవురూ అనలేదంటే మాత్రం మర్నాడే పోయి మండీలో కూచో. సొరకాయ నేను గొడ్లకేస్తా.”

ప్రేమపాట విని ‘ఇది మాకు పనికొచ్చింది’ అని ఎవరంటారు చెప్పండి? అయినా ఒప్పుకున్నాను. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు.

సినిమా అంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. చిత్తూరులో ఫోటో స్టూడియో పెట్టుకున్న మునిరత్నం నా స్నేహితుడు. వాళ్ళ స్టూడియోలో ఎప్పటిదో ఒక పదహారు మిల్లీమీటర్ల కెమెరా ఉండేది. గోడ గడియారానికి ఇచ్చినట్టు దానికి కీ ఇవ్వాలి. కీ అయిపోతే షాటు అయిపోయినట్టే. అందులో వేసింది నెగటివ్ లేని రకం ఫిల్ము. కడిగితే అదే నేరుగా బొమ్మ అవుతుంది. ఒక్కటే ప్రతి. పోయిందంటే పోయినట్టే. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు.

కథానాయిక పేరు కామాక్షి. నేను టైపు నేర్చుకుని తప్పిన ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె నేర్పించేది. నటించమని అడిగినప్పుడు మిషను మీద నుంచి వేళ్ళు తీయకుండా నన్ను పైనుంచి కిందికి చూసింది.

“నేనేం చెయ్యాల?”

“నడిస్తే చాలు. నేను పాడతాను.”

“నడిసేదానికి నేనెందుకు? రోడ్డు మీద అందురూ నడస్తానే ఉండారు గదా?”

“వాళ్ళు నడిచేది వేరు, మీరు నడిచేది వేరు.”

ఆమె కాసేపు టకటకమని టైపు కొట్టింది. “సరే. మా అమ్మ కూడా వస్తాది. నా మొకం నాకు తెర మీద కనపడాల. నేను ఇంతవరకు నన్ను నడిసేటప్పుడు సూసుకున్నే లేదు. అదొక్కటే నాక్కావాల్సింది.”

ఎంత చిన్న కోరిక! రెండు ఆదివారాలు చంద్రగిరి కోట దగ్గర తీశాం. కామాక్షి వట్టి కాళ్ళతో రాళ్ళ మీద నడిచింది. వాళ్ళమ్మ గొడుగు వేసుకుని పక్కన కూర్చుని, షాటు షాటుకూ “ఇంగా ఎంత సేపు నాయనా, పులుసన్నం సెడిపోతాది” అనేది. మునిరత్నం తెల్ల పంచె చాపి పట్టుకుని, దాని మీద పడిన ఎండను ఆమె ముఖం మీదికి తిప్పాడు. గాలికి ఆ పంచె ఎగిరి రెండుసార్లు వాళ్ళమ్మను కప్పేసింది. ఆ ఎండ, ఆ పులుసన్నం వాసన, కొండ మీద నుంచి దిగే గాలి, తల తిప్పి “ఈ రాయి మీదనా, ఆ రాయి మీదనా?” అని కామాక్షి అడగడం, అన్నీ ఇప్పటికీ నా కళ్ళలో ఉన్నాయి. తెర మీద మాత్రం లేవు. ఎందుకు లేవో చెబుతాను.

ఫిల్ము కడిగించడానికి మద్రాసు వెళ్ళాలి. మునిరత్నం పుట్టి పెరిగింది చిత్తూరులో. వాడు కలలు కూడా సగం తమిళంలోనే కంటాడు.

“నేనూ వస్తానప్పా, ఆడ మాట్లాడల్ల గదా” అన్నాడు.

నాకు చురుక్కుమంది. “ఎందుకూ? నాకు తమిళం రాదనుకున్నావా? దినానికి ఎంతమంది అరవ భక్తులకు దారి చెప్పుంటాను నేను!”

“దావ సెప్పేది వేరప్పా. నువ్వు సేత్తో సూపిస్తావు, వాళ్ళు పోతారు.”

ఈ మాట నేను మనసులో పెట్టుకుని ఒంటరిగా రేణిగుంటలో మద్రాసు బండి ఎక్కాను.

లాబొరేటరీ ఒక ఇరుకు సందులో మేడ మీద ఉంది. బల్ల వెనక ముక్కు మీద కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక గుమస్తా. నా డబ్బా తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పెన్సిలు చేతిలోకి తీసుకుని నన్ను ఒక్కటే మాట అడిగాడు.

“అవసరమా, సార్?”

తమిళం తెలిసినవాళ్ళు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. నవ్వండి. తెలియనివాళ్ళకు చెబుతున్నాను: తమిళంలో ‘అవసరం’ అంటే తొందర. అర్జెంటా, నిదానంగా కడిగినా పర్వాలేదా అని ఆయన మర్యాదగా అడిగాడు. నాకు వినబడింది మాత్రం మా నాయన గొంతు. ఈ సినిమా అవసరమా? లోకానికి ఇది అవసరమా? నువ్వు అవసరమా? నా ఒంట్లో నెత్తురంతా చెవుల్లోకి వచ్చింది.

“అవసరమా అంటే ఏమిటండీ! అవసరమే! చాలా అవసరం!” అని బల్ల గుద్దాను.

ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు. “రొంబ అవసరమా?”

చాలానా అని ఇంకా సందేహమా ఈ మనిషికి! “రొంబ, రొంబ! నా బతుక్కే అవసరం!”

“నాళైక్కే వేణుమా?”

వేణుమా అంటే కావాలా అని. ఇది నాకు బాగా వచ్చు, దాని ముందున్న నాళైక్కే అంటే రేపటికే అని తర్వాత తెలిసింది. “వేణుం! నాకు వేణుం! మా నాయనకూ వేణుం!”

“సరి సార్, సరి సార్, కోపప్పడాదీంగ” అని నన్ను శాంతపరిచి, ఆయన డబ్బా మీద ఎర్ర పెన్సిలుతో ఏదో బరికి, మామూలు డబ్బాల వరసలో పెట్టబోయినదాన్ని తీసి, పక్కనున్న ఇంకో అరలో పెట్టాడు. ఆ అరలో అప్పటికే అలాంటిదే ఒక డబ్బా, అదే ఎర్ర పెన్సిలు రాతతో ఉంది. నేను చూశాను. చూసి, నాతో సమానంగా అవసరమైన మనిషి ఇంకొకడు ఉన్నాడన్నమాట అని సంతోషించాను.

పది రోజులు పడుతుందనుకున్న పని మర్నాడు సాయంత్రానికల్లా అయిపోయింది. కళాకారుడు గట్టిగా మాట్లాడితే మద్రాసైనా వింటుందని మురిసిపోతూ, ఆయన ఇచ్చిన డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చాను. దాని మీద ఏం రాసి ఉందో చదవలేదు. దారి చెప్పడానికి చదువు అక్కర్లేదు కదా.

మా ఊళ్ళో దాన్ని తెర మీద వేయడానికి ఇంకా పదిహేను రోజులున్నాయి. మీరు అడుగుతారు: పదిహేను రోజుల్లో ఒక్కసారి మూత తీసి చూడలేదా అని. మునిరత్నం కూడా అదే అడిగాడు.

“మూత తియ్యప్పా, వెలుతురుకు పట్టి సూద్దాం.”

“పిచ్చా నీకు? వెలుతురు తగిలితే బొమ్మ చెరిగిపోతుంది.”

“కడిగినాక ఏమీ కాదప్పా! నేను దినామూ సేసే పనే గదా ఇది!”

“నువ్వు చేసేది పాస్‌పోర్టు సైజు. ఇది సినిమా.”

వాడు డబ్బా వైపు వేలు చూపించాడు. “రేపు ప్రొజెక్టర్లో ఏసేది గూడా లైటే గదా?”

“అది వేరే లైటు.”

ఈ మాట అన్నది నేనే. దాచుకోవడం లేదు. ఆ డబ్బాను మా అమ్మ పట్టుచీరలో చుట్టి, బియ్యం డ్రమ్ములో అడుగున పెట్టి, పదిహేను రోజులు కాపలా కాశాను. వెలుతురు కాదు కదా, చీమ కూడా దూరకుండా కాపాడాను. ఎవరి డబ్బానో!

తిరుపతిలో ఒక కళాసమితి ఉండేది. దాని కార్యదర్శి పరంధామయ్యగారు రిటైరైన హెడ్మాస్టరు. నాకో అవకాశం ఇమ్మని మూడేళ్ళు తిరిగాను. “చూద్దాం నాయనా” అనేవారు. ఆ మూడేళ్ళలో మిమిక్రీ చేసేవాళ్ళను చూశారు, మ్యాజిక్కు చేసేవాళ్ళను చూశారు, కంటి రెప్పలతో బరువులు ఎత్తే మనిషిని సైతం చూశారు, నన్ను చూడలేదు. ఆ ఏడాది వార్షికోత్సవంలో మాత్రం బహుమతుల పంపకానికీ టీకీ మధ్య పదిహేను నిమిషాలు దొరికాయి. ప్రొజెక్టరునూ, దాన్ని తిప్పే ఆపరేటరునూ ఆయనే తెలిసినవాళ్ళ ద్వారా పిలిపించారు.

ఆదివారం మధ్యాహ్నం, కల్యాణ మండపం. కిటికీలకు జంపఖానాలు కట్టి చీకటి చేశారు. అయినా సందుల్లోంచి ఎండ కత్తుల్లా దూరుతుంటే, మునిరత్నం గొడుగులు విప్పి అడ్డం పెడుతూ తిరిగాడు. నూటయాభై మంది దాకా వచ్చారు. మా వీధిలో పాడి ఆవులు ఉన్నవాళ్ళందరినీ నాయన తీసుకొచ్చాడు. సాక్ష్యం కోసం. ముందు వరసలో కామాక్షి, వాళ్ళమ్మ. కామాక్షి ఆ రోజు కనకాంబరాలు పెట్టుకుంది. తెర మీద తనను తాను చూసుకోవడానికి ముస్తాబై వచ్చింది.

“ఈ అమ్మాయేనా సినిమాలో ఉండేది?” అని ఎవరో అడిగితే, వాళ్ళమ్మ హాలంతా వినబడేలా “అవును, మా పాపే! మొదట్నించి కడాకూ ఇదే ఉంటాది” అంది.

నా ఫిల్ముకు శబ్దం లేదు కాబట్టి పాట నేను అక్కడికక్కడే పాడాలి. తెర పక్కన కుర్చీ వేసుకుని, జనం వైపు తిరిగి కూర్చున్నాను. అంటే తెర నాకు వెనకపక్క. పైగా పాడేటప్పుడు కళ్ళు మూసుకోవడం అప్పట్లో నా పద్ధతి. కళ్ళు మూసుకుంటే గొప్పగా ఉంటానని అద్దంలో చూసి తెలుసుకున్నాను. ఎలా చూశానని అడగకండి.

దీపాలు ఆర్పారు. ప్రొజెక్టరు టకటకమంది. నేను తీగ మీటి ఎత్తుకున్నాను:

అడుగు తీసి అడుగు వేస్తే అదిరె నా గుండె
ఆ అడుగుకేమి నొప్పి కలిగెనో అని నా గుండె

హాల్లో “అయ్యయ్యో...” అని ఒక మూలుగు. ఆడవాళ్ళ వైపు నుంచి “పాపం, కాలు పెట్టలేక పోతా ఉండాది సూడు” అని ఎవరో అన్నారు. నా ఒళ్ళు పులకరించింది. ఎక్కడైనా ఒక పాట మొదటి చరణానికే ఇంత జాలి పుడుతుందా! ఇంకాస్త రాగం తీశాను.

నీవు నడిచే దారిలోన గరికనై పరుచుకుంటా
నీవు వంగి తాకితే నా జన్మ తీరెననుకుంటా

“గరిక ముట్టడం లేదే!” అని మా నాయన గొంతు గట్టిగా వినబడింది. “సూడండప్పా, మూతి పెట్టి మల్లా తీసేసినాది. అదే గుర్తు!”

నాయన నా సాహిత్యంలోకి ఇంత లోతుగా వెళ్ళాడని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూసిన కళ్ళే కాబట్టి లోపలే తిరిగాయి. గొంతు పెంచి నా పాటలో అన్నిటికన్నా గొప్పదని నేను అనుకునే చరణం అందుకున్నాను:

పెదవి మీద తేనె చుక్క జారనీకే పిల్లా
జారెనంటే పట్టుకుంటా దోసిలొగ్గి మళ్ళా

హాలు గొల్లుమంది. కొందరు నవ్వు, కొందరు ఛీ అనడం, ఎవరో “దోసిలి సాలదప్పా, బక్కెట్టు పట్టుకో!” అని కేక.

బక్కెట్టా?

కళ్ళు తెరిచాను. మొదట కనబడింది కామాక్షి. ముందు వరసలో నిటారుగా కూర్చుని, కనకాంబరాలు కూడా నిక్కబొడుచుకున్నట్టు, నా వెనక తెర వైపు రెప్ప వేయకుండా చూస్తోంది. నేను తిరిగి చూశాను.

తెర నిండా ఒక మూతి. ఆవు మూతి. పెదవి మీద పుండు, దాని నుంచి చొంగ పొడుగ్గా తీగలా సాగి, వెలుగులో మెరుస్తూ, నిదానంగా, నా తాళానికి సరిగ్గా, జారుతోంది.

తర్వాత తెలిసింది, అది గాలికుంటు రోగం మీద, గొడ్లకు మూతి మీద, గిట్టల్లో పుండ్లు లేచే ఆ రోగం మీద, తమిళనాట ఏదో శాఖవాళ్ళు రైతులకు చూపించడానికి తీయించుకున్న సినిమా. దానికి పేర్లూ మాటలూ లేవు, ఊరూరా తిరిగి చూపించే మనిషే నోటితో చెబుతాడు. ఊళ్ళలో రోగం పాకుతోంది. అందుకే వాళ్ళూ తొందరలో ఉన్నారు. అందుకే ఎర్ర పెన్సిలు. కానీ ఆ క్షణంలో నాకు ఇవేవీ తెలియవు. కామాక్షి ఉండాల్సిన చోట ఆవు ఉందని మాత్రం తెలుసు.

ఆపేశాను. ఆపరేటరుతో “ఆపండి, ఆపండి!” అన్నాను. ఆయన ఆపేలోపు నాయన లేచాడు.

“ఆపద్దు! ఎవురూ ఆపద్దు! మందు ఏం పూస్తారో సూడల్ల! నువ్వు పాడరా!”

“నాయనా, ఇది...”

“పాడరా అంటే!”

వెనక నుంచి పాడి రైతులంతా “పాడప్పా, పాడు!” అన్నారు. నాయన మాట, నిండు సభ, సమితి ఇచ్చిన పదిహేను నిమిషాలు. పాడాను. వాళ్ళ సినిమా నా పాటకన్నా రెండింతలు పొడుగు. కాబట్టి మళ్ళీ మొదటి నుంచి పాడాను. ‘అడుగు తీసి అడుగు వేస్తే’ అన్నప్పుడు ఎవరో గిట్టలు కడుగుతున్నారు. ‘పెదవి మీద తేనె చుక్క’ అన్నప్పుడు, నమ్మితే నమ్మండి, పుండు మీద తేనె పూస్తున్నారు. నేను ఏళ్ళ తరబడి కూర్చుని రాసినా బొమ్మకూ మాటకూ అంత పొందిక కుదరదు. ‘నీ కన్నుల్లో మా ఊరు కనబడుతుందే’ అనేసరికి ఆవు కన్ను తెరంత పెద్దగా వచ్చింది.  ఎక్కడో ఒక ముసలామె ముక్కు చీదింది.

దీపాలు వెలిగాయి. చప్పట్లు! మూడేళ్ళు నన్ను చూడని పరంధామయ్యగారు మైకు అందుకుని గద్గద స్వరంతో మొదలుపెట్టారు.

“ప్రేమ, దోమ అంటూ తిరిగే ఈ కాలంలో, మూగజీవాల బాధను పాటగా, బొమ్మగా మన ముందు పెట్టిన ఈ యువకుడిని...”

“సార్, ఇది నాది కాదు సార్! నేను తీసింది కాదు!” అని అరిచాను.

“చూశారా వినయం! తనది కాదట! అంతా ఆ భగవంతుడిదే అంటున్నాడు!”

మళ్ళీ చప్పట్లు. జీవితంలో నాకు అంతటి చప్పట్లు అంతకు ముందు లేవు, తర్వాత లేవు. వాటిలో ఒక్కటి కూడా నాది కాదు. ఇంతకన్నా పెద్ద అవమానం ఎవరికైనా జరిగిందా? హరికథ ఆయనకు జరిగిందా?

కామాక్షి లేచి నా దగ్గరికి వచ్చింది. వాళ్ళమ్మ ముఖం చూడలేక నేను గిటారు వైపు చూస్తున్నాను.

“ఒక్కటి అడగతాను, సెప్పయ్యా” అంది నెమ్మదిగా. “అందులో ఆవులు రెండుండాయి. నేను కొమ్ములుండేదా, కొమ్ముల్లేందా?”

“కామాక్షిగారూ, మారిపోయింది... మద్రాసులో డబ్బా మారిపోయింది...”

“మారిపోయిందా? అయితే నేను యాడుండాను?”

 ఆమె నవ్వింది కూడా, కోపంగా కాదు. అదే నాకు ఎక్కువ తగిలింది. తల్లిని తీసుకుని వెళ్ళిపోయింది. మునిరత్నం అన్ని కిటికీల దగ్గర గొడుగులు మూసుకుంటూ వచ్చి నా పక్కన నిలబడి ఒక్కటే అన్నాడు: “వేరే లైటు, అన్యావు గదప్పా.”

ఇంటికి నాయనతో నడిచి వచ్చాను.  రైలు గేటు దగ్గర ఆయన ఆగాడు.

“పోయిన ఎండాకాలం మన కర్రావు దూడ పోయినాది గదా.”

“అవును, నాయనా.”

“ఈ రోగమే అది. మూతి పుండయితే నేను ఎండ దెబ్బనుకున్న్యా. తల్లి పాలు తాగలేక పోయినాది.” బండి వెళ్ళేదాకా ఆగి మళ్ళీ అన్నాడు. “ఆ పాట మన దూడ మీదే రాసినావు గదా?”

ఎలాంటి చిన్న విషయానికైనా అడ్డం తిరిగి వాదించేవాణ్ణి నేను. రేషను షాపులోనూ వాదించాను, దేవుడి ప్రసాదం లైనులోనూ వాదించాను. సభలో కూడా నిజమే అరిచాను. కానీ ఆ గేటు దగ్గర, జీవితంలో మొదటిసారి, నోరు మూసుకున్నాను. నాయన భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“ముగ్గురు సెప్పినారురా నాకు, పనికొచ్చినాదని. నేను ఒక్కడే సాలన్న్యా. నీ దావన నువ్వు పో. మీ మామకు నేను సెప్పుకుంటా.” రెండడుగులు వేసి, “ఆ సొరకాయకు ఒక తీగ తక్కువుండాది, కొనుక్కో” అన్నాడు.

అలా బెల్లం మండీ తప్పింది. తర్వాత నేను ఎన్నో పాటలు రాసి పాడాను, ఇంకో మూడు చిన్న సినిమాలు సొంతంగా తీశాను. ఎక్కడికి వెళ్ళినా జనం మాత్రం “ఆ ఆవు పాట పాడు సామీ” అన్నారు. పుత్తూరులో అడిగారు, పలమనేరులో అడిగారు. గూడూరులో ఒక పెళ్ళిలో, అదీ వధూవరుల ముందర, అడిగారు. అది ప్రేమపాట అని ప్రతిచోటా చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. నాయన పోయేదాకా ఆయనకు మాత్రం నేను చెప్పలేదు.

ఇక నా డబ్బా సంగతి. మర్నాడే మద్రాసు పరిగెత్తాను, ఈసారి మునిరత్నాన్ని వెంటబెట్టుకుని. వాడు రెండు నిమిషాల్లో గుమస్తాతో మాట్లాడి, తర్వాత అయిదు నిమిషాలు గోడకు ఆనుకుని నవ్వి, అప్పుడు నాకు ‘అవసరం’ అనే మాటకు అర్థం చెప్పాడు. వాళ్ళ డబ్బా మేము తిరిగి ఇచ్చేశాం. నా డబ్బాను ఆ శాఖ మనిషి, నేను వాళ్ళది తెచ్చుకున్న రోజే తీసుకుని ఊళ్ళ మీదికి వెళ్ళిపోయాడట. ఏ ఊళ్ళో గుమస్తాకు తెలియదు. అడిగి రాస్తానన్నాడు. రాయలేదు. నేను రాశాను. ఒకటి కాదు, ఎన్నో ఉత్తరాలు, చివరికి తమిళం నేర్చుకుని తమిళంలో కూడా. ఒక్కదానికీ జవాబు లేదు. కొన్నేళ్ళకు ఆ లాబొరేటరీయే మూతపడింది. కామాక్షి పెళ్ళయి సూళ్లూరుపేట వెళ్ళింది. ఎప్పుడైనా కనబడితే, పిల్లలు ఎలా ఉన్నారని నేను అడిగేలోపే “దొరికినానా?” అంటుంది.

కాబట్టి ఈ పత్రిక చదివేవారందరి సాక్షిగా, కుడిచేయి గిటారు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా ‘అవసరమా?’ అని అడిగితే, ఏ భాషలో అడుగుతున్నారో రాతపూర్వకంగా తెలుసుకోనిదే కోపం తెచ్చుకోను. మూత తీసి చూడని డబ్బా ముందర నోరు తెరవను. కళ్ళు మూసుకుని పాడను. పాడవలసి వస్తే, ముందు వెనక్కి తిరిగి, అక్కడ ఉన్నది మనిషే అని నిర్ధారించుకుని మూసుకుంటాను.

ప్రమాణం అయింది. ఇప్పుడు నాకు రావలసిన జవాబు. ఉత్తర ఆర్కాటు వైపో, ఇంకెక్కడో, ఎనభైల మొదట్లో ఒక రోజు మీ ఊరికి పశువుల రోగం సినిమా వేస్తామని జీపు వచ్చి ఉంటుంది. మీరు ఆవులను వదిలి, పనులు మానుకుని వచ్చి కూర్చుని ఉంటారు. తెర మీద ఆవుకు బదులు ఒక అమ్మాయి కోట రాళ్ళ మీద వట్టి కాళ్ళతో నడిచి ఉంటుంది. చూసినవాళ్ళు ఎక్కడో ఒకరైనా బతికే ఉంటారు. డబ్బా మీ దగ్గరే ఉంచుకోండి, నాకు అక్కర్లేదు. ఆ సినిమా తీసింది నేను. నేను ఇంతవరకు చూడలేదు, అందులో ఉన్న మనిషీ చూడలేదు. ఒక్కదానికి జవాబు రాయండి, కార్డు ముక్క చాలు, పత్రిక చిరునామాకు పంపినా సరే: బొమ్మ ఫోకస్‌లో ఉండిందా, లేదా?

మీకు తొందర లేకపోవచ్చు. నాకు మాత్రం, రెండు భాషల్లోనూ, అవసరం.